గోరు బయటికి రాని రోజు

(ఒక ఫిల్మ్ క్లబ్ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన సమయం ముప్పావు గంట. ఎక్కువ మాట్లాడతానేమోనని వాళ్ళకి టెన్షన్, తక్కువ మాట్లాడతానేమోనని నాకు టెన్షన్. చూద్దాం.

ఇవాళ మాట్లాడబోయేది 'లోగన్' గురించి. 2017 మార్చిలో విడుదలైన సినిమా. దర్శకుడు జేమ్స్ మాంగోల్డ్. పిడికిళ్ళలోంచి లోహపు గోళ్ళు దూసుకొచ్చే సూపర్ హీరో వుల్వరిన్, అంటే లోగన్, పాత్రలో హ్యూ జాక్‌మన్, అతనున్న ఎక్స్-మెన్ అనే వీరుల బృందానికి గురువు ప్రొఫెసర్ ఛార్లెస్ జేవియర్‌గా పాట్రిక్ స్టూవర్ట్, లారా అనే పిల్లగా డాఫ్నీ కీన్. కథ మొత్తం చెప్పేస్తాను, ముందే హెచ్చరిస్తున్నా. చూడనివాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. (నవ్వులు) ఎవరూ లేవలేదు. మంచిది.

సూపర్ హీరో చచ్చిపోవడం పెద్ద విశేషమేమీ కాదు. కామిక్స్ చదివేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. 1992 చివర్లో సూపర్‌మన్‌ని చంపారు. వార్తాపత్రికలు కూడా రాశాయి, జనం క్యూలు కట్టి ఆ సంచిక కొన్నారు. మరుసటి ఏడాదికల్లా తిరిగొచ్చేశాడు. మన వుల్వరిన్‌ని కామిక్స్‌లో 2014లో చంపారు, 2018లో లేపారు. అక్కడ చావంటే దీర్ఘకాలిక సెలవు లాంటిది. అందుకే పాఠకుడు ఏడవడు, "ఎప్పుడొస్తాడో" అని లెక్కలు వేసుకుంటాడు.

మరి 'లోగన్' చూసి పెద్దపెద్ద మగాళ్ళు కళ్ళు తుడుచుకున్నారెందుకు? చావు వల్ల కాదనే నా నమ్మకం. చావు చివరి పది నిమిషాల్లో వస్తుంది. అప్పటికే మనం వీడ్కోలు చెప్పేసి ఉంటాం. ఈ సినిమా మొదటి సీనులోనే వీడ్కోలు మొదలుపెడుతుంది, అదీ ఒక గోటితో.

ఆ సీను గుర్తు చేసుకోండి. 2029వ సంవత్సరం. రాత్రి. రోడ్డు పక్కన ఆగి ఉన్న పొడవాటి లిమోజీన్ కారులో ఒక మనిషి తాగి పడుకుని ఉన్నాడు. బయట కొందరు కుర్రాళ్ళు కారు చక్రాలు ఊడదీస్తున్నారు. ఆ చప్పుడుకి లేచి, తూలుకుంటూ బయటికొస్తాడు. వద్దు, వదిలేయండి అని మర్యాదగానే చెబుతాడు. వాళ్ళు తుపాకీతో గుండెల్లో కాలుస్తారు. పడిపోతాడు. లేస్తాడు. ఇంతవరకూ మనకి తెలిసిన కథే. ఇక గోళ్ళు బయటికి రావాలి, వీళ్ళ పని అయిపోవాలి అని సీట్లో సర్దుకుని కూర్చుంటాం. గోళ్ళు వస్తాయి. కానీ వాటిలో ఒకటి సగంలోనే ఆగిపోతుంది.

అంతే. పదిహేడేళ్ళుగా 'స్నిక్ట్' అనే ఒక్క చప్పుడుతో బయటికి దూసుకొచ్చే గోరు ఆ రోజు ఇరుక్కుపోయింది. కొట్లాటలో గెలుస్తాడు గానీ, ఆయాసపడుతూ, తన్నులు తింటూ గెలుస్తాడు. తర్వాత ఆ గోటిని తనే చేత్తో పట్టుకుని బయటికి లాక్కుంటాడు. తుప్పు పట్టిన గొళ్ళాన్ని లాగినట్టు.

భారతంలో మౌసల పర్వం చదివినవాళ్ళకి ఇలాంటి ఘట్టం ఒకటి గుర్తుకురావాలి. కృష్ణుడు పోయాక ద్వారక స్త్రీలని వెంటబెట్టుకుని అర్జునుడు వెళ్తుంటాడు. దారిలో దొంగలు మీద పడతారు. కురుక్షేత్రం గెలిచిన మనిషికి గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమవుతుంది, అస్త్రాలు గుర్తుకు రావు. కర్రలు పట్టుకొచ్చిన దొంగల చేతిలో ఓడిపోతాడు. పాండవులు స్వర్గానికి వెళ్ళడం కంటే ఈ ఘట్టమే నాకు భారతంలో అసలైన వీడ్కోలుగా అనిపిస్తుంది. లిమోజీన్ చక్రాల దొంగలు మాంగోల్డ్‌కి ఎక్కడ దొరికారో నాకు తెలియదు గానీ, వీళ్ళూ వాళ్ళూ చుట్టాలే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ఈ పాత్ర కామిక్స్‌లోకి వచ్చింది 1974లో, హల్క్ కథల్లో. రచయిత లెన్ వీన్. కామిక్స్‌లో వుల్వరిన్ పొట్టివాడు, ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. 2000 నాటి 'ఎక్స్-మెన్' సినిమాకి మొదట తీసుకున్న నటుడు డూగ్రే స్కాట్. ఆయన 'మిషన్ ఇంపాజిబుల్ 2' షూటింగ్‌లో ఇరుక్కుపోయాడు. ఇటు ఈ సినిమా షూటింగ్ మొదలైపోయింది. అప్పుడు హడావుడిగా ఆరడుగుల పైనున్న ఒక ఆస్ట్రేలియా నటుడిని పట్టుకొచ్చారు. అంతకుముందు లండన్ నేషనల్ థియేటర్‌లో 'ఓక్లహోమా!' అనే సంగీత నాటకంలో పాటలు పాడినవాడు. వుల్వరిన్ అనే జంతువు నిజంగా ఉందని కూడా ఆయనకి తెలియదట. తోడేలు కాబోలనుకుని తోడేళ్ళని చూసి నడక ప్రాక్టీస్ చేశానని తనే చాలాసార్లు చెప్పుకుని నవ్వుకున్నాడు. చిన్న ఎలుగుబంటి లాంటి ఒళ్ళున్న మొరటు జంతువది. పాపం తోడేళ్ళేం చేశాయి.

అప్పుడు జాక్‌మన్ వయసు ముప్పై ఒకటి. 'లోగన్' వచ్చేసరికి నలభై ఎనిమిది. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు కనిపించి పోయినవీ కలుపుకుంటే మొత్తం తొమ్మిది సినిమాలు. నా వాదన అంతా ఈ లెక్క మీదే నిలబడుతుంది. కామిక్స్ పేజీ మీద వుల్వరిన్‌కి వయసు రాదు. బొమ్మ గీసే చేతులు మారతాయి, బొమ్మ అలాగే ఉంటుంది. సినిమాలో మాత్రం ఒకే మనిషి ముఖం పదిహేడేళ్ళు కెమెరా ముందు నిలబడింది. ఆ ముఖం మీద గీతలు మేకప్ వాళ్ళు కొన్ని వేశారు, కాలం కొన్ని వేసింది. థియేటర్లో కూర్చున్న మనకీ పదిహేడేళ్ళు పెరిగాయి. మొదటి సినిమా స్కూల్ యూనిఫాంలో చూసినవాడు చివరి సినిమాకి బీపీ మాత్ర వేసుకుని వెళ్ళి ఉండొచ్చు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఈ వాడుకున్న శరీరం అనే సరుకు కామిక్స్ దగ్గర లేదు. మాంగోల్డ్ దగ్గరుంది. దాన్ని దాచిపెట్టకుండా వాడాడు.

ఎలా వాడాడో చూడండి. లోగన్‌కి చదవడానికి కళ్ళజోడు కావాలి. కుంటుతాడు. దగ్గుతాడు. ఎముకలకి పూసిన అడమాంటియం లోహమే ఒంట్లో విషమై తినేస్తోంది. అమెరికా సరిహద్దు ఊరు ఎల్ పాసో దగ్గర అద్దె కారు తోలుకుంటూ డబ్బు కూడబెడుతున్నాడు, ఒక పడవ కొనుక్కుని సముద్రంలోకి వెళ్ళిపోవాలని. లోకాన్ని కాపాడడం వగైరా ఏమీ లేదు. ఒక పడవ, అంతే.

జేవియర్ సంగతి ఇంకా ఘోరం. సరిహద్దు అవతల మెక్సికోలో, మూతపడ్డ ఫ్యాక్టరీ పక్కన పడిపోయిన పెద్ద నీళ్ళ ట్యాంకులో దాచి ఉంచారు. తొంభై దాటిన ముసలాయన. ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన మెదడు, దానికి మతిమరుపు రోగం. ఫిట్స్ వస్తే చుట్టూ ఉన్న మనుషులందరూ గడ్డకట్టుకుపోతారు. ఒకసారి అలా వచ్చిన ఫిట్స్‌లో సొంత మనుషులే పోయారు. ఆ సంగతి సినిమా మనకి చూపించదు, రేడియోలో ఒక ముక్క, ఆయన నోట ఒక ముక్క వినిపిస్తుందంతే. చూపించకపోవడమే మంచిదైంది. వేరే దర్శకుడైతే అక్కడ పావుగంట గ్రాఫిక్స్ పెట్టేవాడు.

ఈ ఇద్దరి మధ్య నడిచేదంతా సూపర్ హీరోల వ్యవహారంలా ఉండదు. మందు వేసుకో అని ఒకడు గదమాయించడం, నేనెప్పుడు పోతానా అని చూస్తున్నావు అని రెండోవాడు దెప్పడం. లోగన్ ఆయన్ని చేతుల మీద ఎత్తుకుని కారులో కూర్చోబెడతాడు, టాయిలెట్‌కి తీసుకెళ్తాడు, బయట నిలబడి కాచుకుంటాడు. ఆ ఎత్తుకోవడంలో ప్రేమ కంటే విసుగు ఎక్కువ కనిపిస్తుంది. ముసలివాళ్ళకి సేవ చేసినవాళ్ళకి ఆ విసుగు తెలుసు. ప్రేమ ఉన్నచోటే ఆ విసుగు వస్తుందనీ తెలుసు. ఒక దశలో నాకు ఇది వుల్వరిన్ సినిమా అన్న సంగతే మరుపుకొచ్చింది.

ఇదంతా సాధ్యం కావడానికి మరీ మామూలు కారణం ఒకటుంది. ఆర్ రేటింగ్. అమెరికాలో పదిహేడేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళు తోడు లేకుండా చూడకూడని సినిమా. ఆ ముందు ఏడాది, 2016లో, 'డెడ్‌పూల్' అనే మరో సూపర్ హీరో సినిమా అదే రేటింగ్‌తో బాగా ఆడింది. రేటింగ్ అనగానే మనం రక్తం, బూతులు అనుకుంటాం. అవీ ఉన్నాయి, దండిగా. కానీ మాంగోల్డ్ ఇంటర్వ్యూల్లో చెప్పింది వేరే మాట. పిల్లలకి బొమ్మలు అమ్మక్కర్లేని సినిమా అని స్టూడియో ఒకసారి ఒప్పుకుంటే, సీను నిదానంగా నడవచ్చు, పాత్రలు కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఆయనకి కావలసింది నెత్తురు కాదు, తీరిక. స్క్రిప్టు మొదటి పేజీల్లోనే రాసిపెట్టాడు కూడా, ఈ సినిమాలో మీద ఏదైనా పడితే మనిషికి దెబ్బ తగులుతుంది, చచ్చిపోతాడు అని. మామూలు బుద్ధి. సూపర్ హీరో సినిమాలో అది ప్రత్యేకంగా రాసుకోవాల్సి వచ్చింది, చూడండి.

ఆ స్క్రిప్టుకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. స్కాట్ ఫ్రాంక్, మాంగోల్డ్, మైకేల్ గ్రీన్ ముగ్గురూ కలిసి రాశారు. సూపర్ హీరోలున్న సినిమాకి స్క్రీన్‌ప్లే విభాగంలో అలాంటి గౌరవం అరుదు. బహుమతి రాలేదనుకోండి.

ఇక లారా. పదకొండేళ్ళ పిల్ల. లోగన్ జన్యువులతో ల్యాబ్‌లో తయారుచేసిన బిడ్డ. సగం సినిమా దాటినా నోరు విప్పదు, విప్పాక స్పానిష్‌లో గడగడా తిట్టిపోస్తుంది. లోగన్‌కి ఆ పిల్ల అక్కర్లేదు. ఆ పిల్లకి ఈయనా పెద్దగా అక్కర్లేదు. వాళ్ళ మధ్య అనురాగం పొంగిపొర్లే పాట ఒక్కటి కూడా లేదు, బతికించారు. ఆమె దగ్గర కొన్ని ఎక్స్-మెన్ కామిక్స్ పుస్తకాలుంటాయి. సినిమా లోకంలో కూడా కామిక్స్ ఉన్నాయన్నమాట. లోగన్ వాటిని తిరగేసి చిరాకుపడతాడు. ఇందులో పావు వంతు జరిగిందేమో, అదీ ఇలా కాదు, నిజ జీవితంలో మనుషులు చచ్చిపోతారు అంటాడు. ఆ పుస్తకాలు దుకాణంలో కొన్నవి కావు, సినిమా కోసమే ప్రత్యేకంగా గీయించారు. రంగుల బట్టలు, ఎగిరే వీరులు. ఆ బొమ్మల పక్కన ఈ మాసిన కోటు మనిషి. పుస్తకం అబద్ధమని ఆయన వాదన. అయితే ఆ పుస్తకంలోని చిరునామా పట్టుకునే పిల్ల నార్త్ డకోటా దాకా లాక్కెళ్తుంది, అక్కడ నిజంగానే తోటి పిల్లలు ఎదురుచూస్తుంటారు. అంటే ఆ అబద్ధం పనికొచ్చింది. సినిమా దీన్ని ఎక్కడా విప్పి చెప్పదు.

నచ్చనివీ చెప్పాలి, లేకపోతే అభిమాన సంఘం మీటింగ్‌లా ఉంటుంది.

హోటల్ గదిలో జేవియర్, లారా టీవీలో 1953 నాటి 'షేన్' అనే వెస్టర్న్ చూస్తారు. తుపాకీ వదిలేద్దామనుకుని వదల్లేకపోయిన మనిషి కథ. మనిషిని చంపాక ఆ గుర్తు జీవితాంతం ఉండిపోతుందని అందులో షేన్ ఒక పిల్లాడికి చెప్పే మాటలు, చివర్లో లోగన్ సమాధి దగ్గర లారా అప్పజెబుతుంది. నాకు ఆ మాటలు ఇష్టమే. కానీ ముందు టీవీలో చూపించి, తర్వాత సమాధి దగ్గర మళ్ళీ వినిపించడం, "అర్థమైందా? మళ్ళీ చెప్పనా?" అన్నట్టుంది. గోటి సీనులో ప్రేక్షకుడి మీద అంత నమ్మకం పెట్టినవాడికి ఇక్కడ ఎందుకో అనుమానం వచ్చింది. విలన్ డాక్టర్ వచ్చి జనం తినేవాటిలో, తాగేవాటిలో ఏం కలిపారో, పుట్టుకతోనే వింత శక్తులుండే లోగన్ లాంటి మ్యూటెంట్లు పుట్టడం ఎందుకు ఆగిపోయిందో లెక్చర్ ఇచ్చే చోటు కూడా అంతే. నాలాగా మైకు దొరికింది కదా అని. (నవ్వులు)

లోగన్ మీదికి ఆ ల్యాబ్ వాళ్ళు వదిలే ఎక్స్-24 గురించి చాలామంది విసుక్కున్నారు. అది లోగన్ క్లోన్, దాన్నీ జాక్‌మనే వేశాడు. నేను మాత్రం ఆ పాత్ర వైపే ఉంటాను. ఎదురుగా ఉన్నది పాత సినిమాల్లోని వుల్వరిన్. నల్లటి జుట్టు, బలం, తగ్గని కోపం, గాయమైతే చిటికెలో మానిపోయే ఒళ్ళు. లేనిది మనసొక్కటే. ముసలి లోగన్ ఆ కుర్ర లోగన్ చేతిలో ప్రతిసారీ చావుదెబ్బలు తింటాడు. ఏ శక్తిని చూసి మనం పదిహేడేళ్ళు చప్పట్లు కొట్టామో అదే వచ్చి మన మనిషిని చంపుతోంది. చివరికి దాన్ని పడగొట్టేది లారా, లోగన్ తన కోసమే, తనని తను కాల్చుకోవడానికే దాచుకున్న అడమాంటియం గుండుతో.

చనిపోయే ముందు లారాకి ఒక్క మాట చెబుతాడు, వాళ్ళు నిన్ను ఎలా తయారుచేశారో అలా ఉండిపోకు అని. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నాన్నా అంటుంది. "అయితే ఇలా ఉంటుందన్నమాట" అంటాడు. ఏమిటి ఇలా ఉండేది? చావా? కూతురి చెయ్యా? రెండూ అనుకోవచ్చు. తర్వాత సమాధి మీద కర్రలతో కట్టిన శిలువని లారా వెనక్కొచ్చి పీకి, ఓరగా వాల్చి మళ్ళీ పెడుతుంది. అది ఎక్స్ అక్షరమైపోతుంది. తెర నల్లబడుతుంది. టైటిల్స్ అయ్యాక అదనపు సీను లేదు. మార్వెల్ సినిమాలకి అలవాటుపడి చివరిదాకా కూర్చున్నవాళ్ళు జానీ క్యాష్ పాట విని ఇంటికి వెళ్ళారు.

2017 ఫిబ్రవరిలో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఈ సినిమా వేసినప్పుడు స్టూవర్ట్, జాక్‌మన్ పక్కపక్కన కూర్చున్నారు. చివరి నిమిషాల్లో జాక్‌మన్ తన చెయ్యి పట్టుకున్నాడనీ, కన్ను తుడుచుకోవడం చూశాననీ, తనూ అదే పని చేశాననీ స్టూవర్ట్ చెప్పుకున్నాడు. తన పాత్రకి కూడా ఇదే సరైన ముగింపు అని అప్పుడే అనుకున్నాడట. అన్నాడు గానీ, 2022లో 'డాక్టర్ స్ట్రేంజ్' రెండో సినిమాలో మళ్ళీ జేవియర్‌గా, గాల్లో తేలే కుర్చీలో కనిపించాడు.

ఆ తర్వాత జాక్‌మన్ కూడా వచ్చాడు కదా అని మీరు అడగకముందే చెబుతాను. వచ్చాడు. 2024 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్'. నూట ముప్పై కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసింది. ఆ సినిమా మొదలయ్యేదే లోగన్ సమాధి తవ్వడంతో. డెడ్‌పూల్ ఆ అస్థిపంజరాన్ని బయటికి తీసి, ఆ ఎముకలతోనే సైనికుల్ని నరుకుతాడు, పాటకి స్టెప్పులేస్తూ. పక్కవాళ్ళు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, దాచడమెందుకు. నవ్వుతూనే కాస్త సిగ్గుపడ్డాను. ఎవరింట్లోనో చావు జరిగాక వారం తిరక్కుండా జోకు వేసి, తనే నాలిక కరుచుకున్నట్టు.

అయినా ఆ దర్శకుడికి ఒక మెప్పు ఇవ్వాలి. చచ్చినవాణ్ణి లేపలేదు. ఇప్పుడొచ్చినవాడు వేరే విశ్వం నుంచి వచ్చిన వేరే వుల్వరిన్ అన్నాడు. మన లోగన్ ఎముకలై అక్కడే ఉన్నాడు. దీన్ని తప్పించుకునే లాయరు వాదన అంటారా? కొంత అంతే. ఐరన్ మ్యాన్‌గా పదకొండేళ్ళు చేసి, 2019 సినిమాలో ఆ పాత్ర చనిపోయాక సెలవు తీసుకున్న రాబర్ట్ డౌనీ జూనియర్‌ని డాక్టర్ డూమ్ అనే విలన్‌గా వెనక్కి తెస్తున్నామని 2024లో ప్రకటించారు. ఈ పరిశ్రమకి వీడ్కోలు అంటే గిట్టదు, లెక్కల పుస్తకం ఒప్పుకోదు. అయితే నా బాధ మీరనుకునేది కాదు. 2024 వుల్వరిన్‌కి యాభై అయిదేళ్ళు, కానీ ఆయన గోళ్ళు ఎక్కడా ఇరుక్కోలేదు. పసుపు రంగు సూట్ వేసుకుని, చొక్కా విప్పి, కండలు చూపించాడు. 'లోగన్'లో ఇచ్చేసిన శరీరాన్ని తిరిగి తీసేసుకున్నాడు. వయసు మళ్ళీ బొమ్మల పుస్తకంలో వయసు అయిపోయింది. నాకది కష్టంగా ఉంది.

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక సీను చూపించి ఆపుతాను. చావు సీను కాదు. మన్సన్ అనే రైతు కుటుంబం ఇంట్లో రాత్రి భోజనం. రోడ్డు మీద గుర్రాలు చెదిరిపోతే వీళ్ళు సాయం చేస్తారు, ఆ కృతజ్ఞతతో వాళ్ళు భోజనానికి పిలుస్తారు. ఆ కుటుంబానికి తర్వాత ఏం జరుగుతుందో తెలుసు కదా. వాళ్ళ గురించి సినిమా తగినంత బాధపడలేదని నా ఇంకో ఫిర్యాదు. అది ప్రశ్నల సమయంలో మాట్లాడుకుందాం.

బల్ల దగ్గర జేవియర్ తామొక స్కూల్ నడిపామని చెబుతాడు. ఆ స్కూల్ నుంచి నన్ను కొన్నిసార్లు గెంటేశారు అని లోగన్ అందుకుంటాడు. అందరూ నవ్వుతారు. తాత, తండ్రి, మనవరాలు అని వాళ్ళు ఆడుతున్న అబద్ధం ఒక్క నిమిషం నిజమైపోతుంది. కాసేపటికి జేవియర్ అంటాడు, జీవితమంటే ఇదే, ఇల్లు, ఒకళ్ళనొకళ్ళు ప్రేమించుకునే మనుషులు, నీకింకా టైముంది, కాస్త అనుభవించు అని. లోగన్ వినడు. ఇరవై నాలుగు గంటలు తిరక్కుండా ఒక చెరువు పక్కన ఆయన్ని పాతిపెడతాడు. ఏదో నాలుగు మాటలు చెప్పాలని నోరు తెరుస్తాడు. "ఇక్కడ నీళ్ళున్నాయి" అని మాత్రం అనగలుగుతాడు. పడవ కొందామనుకున్నాడు కదా. తర్వాత పారతో ఆ ట్రక్కుని బాదుతాడు, బాది బాది కూలబడతాడు.

సరే, భోజనం సీను వేస్తున్నాను. సౌండ్ కొంచెం తక్కువుంది, వెనకవాళ్ళు ముందుకి రండి. చూస్తున్నప్పుడు మాట్లాడేవాళ్ళ ముఖాలు కాదు, జాక్‌మన్ చేతులు గమనించండి. లైట్లు ఎవరైనా ఆపుతారా?